ఊరేగింపు కారుకి ఇంజను పని

పామర్రు సెంటర్లో శోభనాద్రిగారి ఇల్లెక్కడని అడిగితే ఎవరూ చెప్పలేరు. ఊరేగింపు కారాయన ఇల్లు అని అడగాలి, అప్పుడు చిన్నపిల్లలు కూడా చెయ్యి పట్టుకుని తీసుకొస్తారు. నేను ఆయన పక్కింటివాణ్ణి. పేరు సూర్యనారాయణ. బందరులో ఒక ప్రభుత్వాఫీసులో గుమాస్తాని. పొద్దున్నే విజయవాడ నుంచి వచ్చే ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కి బందరు వెళ్ళడం, చీకటి పడ్డాక ఇంటికి చేరడం. వారం మొత్తం మీద నాదంటూ ఉన్నది ఒక్క ఆదివారం. ఆ ఆదివారాలన్నీ ఒక కారు కింద ఎలా నలిగిపోయాయో చెబుతాను. చెప్పేటప్పుడు మాటల్లో విసుగు కనబడితే తప్పు నాది కాదు, ఆ కారుది.

ముందు కారు సంగతి. రెండే సీట్లు, రెండే తలుపులు, పైన కప్పు లేదు. ముందుకి సాగిన పొడుగాటి ఎర్రటి ముక్కు. ఇంగ్లండులో కుర్రాళ్ళు పందేలకి తోలుకునే రకం బండి. మద్రాసులో ఎవరో దొర దాన్ని వదిలించుకుని స్వదేశానికి పోతుంటే శోభనాద్రిగారి నాన్న వెంకట్రామయ్యగారు కొన్నారట. దాని వేగం చూసి కాదు, దానికి కప్పు లేదని కొన్నారు. కప్పు లేకపోతే పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ ఊరందరికీ కనబడతారు కదా! వెనక డిక్కీ మీద పరుపు వేసి, దాని మీద జరీ దుప్పటి పరిచి, ఇద్దరినీ ఎక్కించేవారు. ముందు బ్యాండు మేళం, రెండు పక్కలా పెట్రోమాక్సు లైట్లు, మధ్యలో బంతిపూల దండలతో ఈ కారు. గుడివాడ నుంచి అవనిగడ్డ దాకా, బంటుమిల్లి నుంచి పామిడిముక్కల దాకా, కాస్త కలిగినవాళ్ళ ఇంట్లో పెళ్ళంటే ఆ కారు రావలసిందే. గంటకి వంద మైళ్ళు పరిగెత్తడానికి తయారైన బండి మా జిల్లాకి వచ్చి క్లారినెట్ వాయించేవాడి వెనకాల నడక నేర్చుకుంది.

పెళ్ళయ్యాక వెంకట్రామయ్యగారు స్టీరింగు శోభనాద్రిగారి చేతికిచ్చారు. ఆయనకి పొలముంది, కౌలుకిచ్చేశారు. కారే ఆయన లోకం. ఊరికీ ఊరికీ మధ్య ఖాళీ రోడ్డు మీద కూడా అది పాతిక దాటేది కాదు. దాని మీటరు మైళ్ళ లెక్క, అంటే మన లెక్కలో నలభై కిలోమీటర్లు. ఎంత తొక్కినా ముల్లు అక్కడికొచ్చి ఆగిపోయేది. దాని శక్తి ఇంతేరా అని వాళ్ళ నాన్న ఎప్పుడో చెప్పారట, ఈయన నమ్మారు. అలా నమ్మి బందరు రోడ్డు మీద ఏళ్ళ తరబడి అందరిచేతా హారన్ కొట్టించుకున్నారు. వెనక ఎక్స్‌ప్రెస్ బస్సు వచ్చి గోల పెట్టేది. దాటుతూ డ్రైవరు తల బయటికి పెట్టి, "ఏవండీ, మీ మేళం ఎక్కడ తప్పిపోయింది?" అని అడిగేవాడు. బస్సులో ఉన్నవాళ్ళంతా కిటికీల దగ్గరికి జరిగి నవ్వేవాళ్ళు. ఆ నవ్విన వాళ్ళలో నేనూ ఉండేవాణ్ణి, అబద్ధం ఎందుకు చెప్పాలి!

తర్వాత మారుతీ కార్లకి పూలు చుట్టి ఊరేగడం మొదలైంది. ఈ కారు షెడ్డులో పడింది. అందరూ దాని గురించి మరిచిపోయారు. తొంభై ఆరు వేసవిలో ఒక ఆదివారం పొద్దున నేను పేపరు పట్టుకుని అరుగు మీద కూర్చున్నానో లేదో, శోభనాద్రిగారు వచ్చి నిలబడ్డారు.

"సూర్యం, నీకు ఇంగ్లీషు బాగా వచ్చుగా?"

"ఆఫీసు ఇంగ్లీషు వచ్చు బావగారూ. ఏం?" ఆయనా నేనూ చుట్టాలం కాము. ఆయన నాకు బావగారు, ఆయన భార్య సులోచన నాకు అక్కయ్య, పక్కపక్క ఇళ్ళలో అలా కుదిరిపోయింది.

ఆయన చంకలోంచి లావుపాటి పుస్తకం తీశారు. కారుతోపాటు వచ్చిన రిపేరు పుస్తకం. ముప్ఫై ఏళ్ళుగా బీరువాలో కలరా ఉండల మధ్య ఉంది. "ఇది నువ్వు చదివి చెప్పు, నేను విప్పుతాను. ఇంజను మొత్తం దింపి, రింగులు మార్చి, వాల్వులు నూరి, కొత్తదాన్ని చేస్తాను. ఒక్కసారి సూర్యం, ఒక్కసారి ఆ ఎక్స్‌ప్రెస్ బస్సుని దాటాలి. దాటాక ఈ బండి ఏమైపోయినా నాకు బాధ లేదు."

నవ్వుదామనుకున్నాను. ఆయన ముఖం చూసి నవ్వలేకపోయాను. యాభై దాటిన మనిషి. ఎప్పుడూ ఎవరినీ ఏదీ అడిగి ఎరగరు. ఊళ్ళో పెళ్ళిళ్ళన్నిటికీ ముందు నడిచారు కానీ ఎక్కడా ఆయనకి ముందు వరసలో కుర్చీ వెయ్యలేదు. మెకానిక్కుకి ఇవ్వచ్చుగా అన్నాను. ఇస్తే, ఇది పాత సామానుకి వేసెయ్యండి బాబాయ్ అన్నాడట. ఆ మాట ఆయనకి ముల్లులా దిగింది. ఇక ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వనన్నారు. సరే, నాలుగు ఆదివారాల పనే కదా అనుకుని ఒప్పుకున్నాను. అంతటి తెలివి తక్కువ ఒప్పుదల నా జీవితంలో ఇంకోటి లేదు.

నూతి గిలక ఊడదీసి షెడ్డు దూలానికి కట్టి, కొబ్బరితాడు వేసి ఇంజనుని పైకి లాగాం. లాగాం అంటే, ఆయన లాగారు, నేను కింద నిలబడి దేవుణ్ణి తలుచుకున్నాను. దాన్ని బల్ల మీద పెట్టి విప్పడం మొదలుపెడితే ప్రతి బోల్టూ ఏడిపించింది. కొన్ని తిరగలేదు, కొన్ని తలలు ఊడి చేతికొచ్చాయి. పైమూత, దాన్నే హెడ్డంటారు, అది ఊడేసరికి మా ఇద్దరి పంచెలూ చెమటకి తడిసిపోయాయి. లోపల చూస్తే మసి. నడక వేగంతో, తక్కువ వేడిలో ఏళ్ళ తరబడి తిరిగి తిరిగి పట్టిన మసి. దోసెల పెనం మాడితే అడుగున పట్టినట్టు గట్టిగా పట్టుకుపోయింది. శోభనాద్రిగారి ముఖం వెలిగిపోయింది.

"చూశావా? ఇదీ దాని రోగం. ఇంత మసి పెట్టుకుని పాపం ఎలా పరిగెడుతుంది?"

గీకాం. చెక్క ముక్కలతో, తర్వాత కొబ్బరి పీచుతో, కిరసనాయిలు పోసి పోసి గీకాం. నా చొక్కాలన్నీ కిరసనాయిలు వాసన. మా ఆవిడ వసుంధర నన్ను పెరటి గుమ్మంలోంచి తప్ప ఇంట్లోకి రానివ్వలేదు. వాల్వులు ఎనిమిది. దేన్ని ఎక్కణ్ణించి తీస్తే మళ్ళీ అక్కడే పెట్టాలని పుస్తకంలో ఉంది. అది చదవగానే ఈయన వంటింట్లోకి వెళ్ళి సులోచనక్కయ్య ఇడ్లీ ప్లేట్లు రెండు పట్టుకొచ్చి, ఒక్కో గుంటలో ఒక్కో వాల్వు పెట్టేశారు. గాలి పీల్చేవి ఒక ప్లేటులో, పొగ వదిలేవి ఒక ప్లేటులో. అక్కయ్య గుమ్మంలో నిలబడి చూసింది.

"అవి ఇడ్లీ ప్లేట్లండీ."

"తెలుసు. మళ్ళీ ఇచ్చేస్తాగా."

అక్కయ్య ఇంకేదో అనబోయింది. అని ఉంటే బావుండేది. కానీ ఊరుకుని లోపలికెళ్ళిపోయింది. ఇడ్లీ ప్లేట్ల కోసం బాధపడుతోందని నేననుకున్నాను. ఆ తర్వాత కూడా కాఫీ తెచ్చినప్పుడల్లా గ్లాసులు పెట్టి ఒక నిమిషం నిలబడేది, పెదవులు కదిలేవి, మళ్ళీ వెళ్ళిపోయేది. ఆ ఇంట్లో అప్పటి నుంచి ఇడ్లీ లేదు.

మద్రాసు నుంచి తెప్పించిన రింగులు మొదటిసారి సైజు తప్పొచ్చాయి. రెండోసారి సరైనవి వచ్చాయి కానీ ఒకటి బిగించేటప్పుడు విరిగింది. హెడ్డు కింద వేసే గ్యాస్కెట్టు విజయవాడలో కోయించుకొచ్చారు. బస్సులో ఒడిలో పసిపిల్లాణ్ణి పెట్టుకున్నట్టు పెట్టుకుని తెచ్చారు. నేను పుస్తకం చదివేవాణ్ణి. ఆ పుస్తకం రాసినవాడు నాకు కనబడితే ఊరికే వదలను. విప్పడం గురించి పేజీలు పేజీలు రాస్తాడు. బిగించడం దగ్గరికొచ్చేసరికి, విప్పిన దానికి తిరగేసి చేసుకోండి అని ఒక్క ముక్కలో తేల్చేస్తాడు. అలా తిరగేసి చేసుకునేసరికి దసరా వచ్చింది. బిగింపు అయ్యాక ఒక వాషరు మిగిలింది. అది ఎక్కడిదో తెలీక ఇంజనంతా మళ్ళీ విప్పాం. ఎక్కడిదీ కాదు. షెడ్డు తలుపు గొళ్ళేనిది.

ఇంజను స్టార్టయింది. ఆ మాట చెప్పి తీరాలి. బానెట్టు ఎత్తి, ఇంజను పక్కనున్న, పెట్రోలు వదిలే తీగని శోభనాద్రిగారు చేత్తో లాగితే అది అరిచిన అరుపుకి వీధిలో కుక్కలు పరిగెత్తాయి. ఆయన కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి. నాకూ ఒళ్ళు పులకరించింది. వెంటనే రోడ్డెక్కించాం. నేను పక్క సీట్లో కూర్చున్నాను. నిడుమోలు వైపు రోడ్డు ఖాళీగా ఉంది. ఆయన తొక్కారు. ముల్లు లేచింది. పది, పదిహేను, ఇరవై. పాతిక దగ్గరికొచ్చి నిలబడింది.

"తొక్కండి బావగారూ."

"తొక్కాను. పూర్తిగా తొక్కాను."

వెనక నుంచి లారీ వచ్చి దాటిపోయింది. వరి బస్తాల ట్రాక్టరు దాటిపోయింది. చివరికి లూనా మీద గడ్డిమోపు పెట్టుకున్న ఒక ముసలాయన మా పక్కకొచ్చి, "పెళ్ళెవరింట్లో బాబూ?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా ముందుకెళ్ళిపోయాడు.

మళ్ళీ విప్పాం. ఈసారి కార్బొరేటర్లు. పెట్రోలూ గాలీ కలిపే డబ్బాలు రెండు, రెండూ ఒక్క తీరున పీల్చాలట. రబ్బరు గొట్టం చెవిలో పెట్టుకుని ఆయన ఒకదాని శబ్దం, నేను ఒకదాని శబ్దం వినడం. ఆఫీసులో పెద్దసారు పిలిచినా నాకు బుస్సుమనే వినబడేది. బిగించాం. షెడ్డులో చేత్తో లాగితే అదే సింహనాదం. రోడ్డు మీద అదే పాతిక. మూడోసారి, పొగగొట్టం మూసుకుపోయిందేమోనని దాన్ని ఊడదీసి, నిప్పుల్లో కాల్చి, దులిపి, బిగించాం. పాతిక. పెట్రోలు గొట్టాలు మార్చాం. పాతిక. సంక్రాంతి పోయింది, మాఘమాసం పెళ్ళిళ్ళు వచ్చాయి. రోడ్డు మీద మేం పరీక్షకి తీసుకెళ్తుంటే ఎవరో పెళ్ళివారు చెయ్యెత్తి ఆపి, ఖాళీయేనా అండీ, సాయంత్రం వస్తారా అని బేరం పెట్టారు. శోభనాద్రిగారు అంత కోపంగా ఎవరినీ కసరడం నేను చూడలేదు.

నాకూ ఓపిక అయిపోయింది. ఒక ఆదివారం పుస్తకం బల్ల మీద పడేసి అనేశాను. "బావగారూ, దీనికి పరిగెత్తే యోగం లేదు. మీ నాన్నగారు అప్పుడే చెప్పారుగా. నా ఆదివారాలు నాకు వదిలెయ్యండి, మీకు పుణ్యముంటుంది."

ఆయన చేతులు చూసుకున్నారు. గోళ్ళ కింద నల్లటి గ్రీజు, వేళ్ళ మీద కోసుకుపోయిన గీతలు, బొటనవేలికి గుడ్డ. "లోపం బండిలో లేదు సూర్యం," అన్నారు నెమ్మదిగా. "అన్నీ కొత్తవేగా. నూరాం, మార్చాం, పుస్తకంలో ఉన్నట్టే చేశాం. లోపం ఈ చేతుల్లో ఉంది. పుట్టి బుద్ధెరిగాక ఒక్క పనీ నా చేత్తో పూర్తి చెయ్యలేదు. నాన్న ఇచ్చిన స్టీరింగు పట్టుకుని మేళం వెనకాల నడిచాను, అంతే. రేపు పాత ఇనుము కొనేవాణ్ణి రమ్మంటాను."

ఆ మాట అంటున్నప్పుడు సులోచనక్కయ్య కాఫీ గ్లాసులతో గుమ్మంలో ఉంది. గ్లాసులు కింద పెట్టేసింది. పెట్టడం కాదు, సగం ఒలికిపోయింది.

"మీ చేతుల్లో ఏ లోపమూ లేదు. ఊరికే ఆ మాట అనకండి," అంది. కొంగు బిగించుకుని వచ్చి కారు తలుపు తీసి, డ్రైవరు సీటు ముందు పరిచిన పాత కొబ్బరిపీచు పట్టాని రెండు చేతులతో పట్టుకుని లాగింది. ఎండిపోయిన బంతిరేకులు, పసుపు బియ్యం, ఎన్ని పెళ్ళిళ్ళవో, పొడిపొడిగా రాలాయి. కింద, కాలితో తొక్కే పెడల్ వెనకాల, నల్లరంగు పూసిన చింతచెక్క ముక్క. పెద్ద మేకులతో కారు అడుగున ఉన్న పలకకి దిగ్గొట్టి ఉంది. పెడల్ వచ్చి దాని మీద ఆగుతుంది. సగం దూరమైనా కిందికి వెళ్ళదు.

ఇంజను దగ్గర చేత్తో లాగితే ఎందుకు అరిచిందో, కాలితో తొక్కితే ఎందుకు అరవలేదో అప్పుడు అర్థమైంది. ఆ పెడల్ అంత మటుకే దిగుతుందని శోభనాద్రిగారి కాలికి ఏళ్ళ నుంచీ అలవాటు. అది తప్ప కారులో ప్రతి అంగుళం మేము విప్పి చూశాం. నాకు ముందు నవ్వొచ్చింది, వెంటనే నా ఆదివారాలన్నీ కళ్ళ ముందు తిరిగి గోడకేసి తల కొట్టుకోవాలనిపించింది.

"ఎవరు కొట్టారిది?" అన్నారు శోభనాద్రిగారు.

"మావయ్యగారు. మేకులు అందించింది నేను."

అప్పుడు చెప్పింది అక్కయ్య. వాళ్ళ పెళ్ళికి ఊరేగింపు కూడా ఇదే కారులో. మావయ్యగారు తోలుతున్నారు. బ్యాండువాళ్ళు సోడాలకి ఆగితే ఆయన దిగారు. పెళ్ళికొడుకుగారికి హుషారొచ్చి డిక్కీ మీద నుంచి ముందుకి దూకి, స్టీరింగు పట్టుకుని కసుక్కున తొక్కారు. బండి ముందుకి ఎగిరింది. పెళ్ళికూతురు వెనక్కి దొర్లి రోడ్డు పక్క గడ్డివామి మీద పడింది. బాసికం ఒక చోట, పూలజడ ఒక చోట. పెళ్ళికూతురు ఊరేగింపులో పడితే అశుభమని పెద్దవాళ్ళు అక్కడికక్కడే అందరి నోళ్ళూ మూయించారు. అందుకే ఊళ్ళో ఎవరికీ తెలీదు.

"దెబ్బ తగల్లేదు. కానీ ఆ వేగం ఇప్పటికీ మరిచిపోలేను. మర్నాడు మావయ్యగారి కాళ్ళ మీద పడ్డాను, ఈయనకి ఆ బండి ఇవ్వద్దండీ, ఎప్పటికైనా ప్రాణం మీదకి తెచ్చుకుంటారు అని. ఇవ్వకపోతే ఎలాగమ్మా, వాడికి ఇంకో పని రాదు అని ఆయన ఈ చెక్క కొట్టారు. వాడికి చెప్పకు అని మాట తీసుకున్నారు. మీరు ఇంజను విప్పినప్పుడు నాలుగు రోజుల్లో విసుగొచ్చి వదిలేస్తారనుకున్నా. వదల్లేదు. అప్పుడు చెబుదామంటే కోప్పడతారని భయం. ఇంకా ఆలస్యమయ్యాక చెప్పడానికి ముఖం చెల్లలేదు. ఇవాళ మీ చేతుల్ని మీరే అలా తిట్టుకుంటుంటే ఇంక నా వల్ల కాలేదు."

శోభనాద్రిగారు అరుస్తారనుకున్నాను. అరవలేదు. "దాని శక్తి ఇంతేనని నమ్మాను సులోచనా. నా శక్తి కూడా ఇంతేననుకున్నాను," అని బయటికి వెళ్ళిపోయారు. ఆ మాట కన్నా అరుపే నయం. చాలా రోజులు గడిచాయి. ఇనుము కొనేవాడు రాలేదు, ఆయన పిలవలేదు. ఆ చెక్కని ముట్టుకోనూ లేదు. నేను ఒకసారి తీసేద్దామా అని అడిగితే, "కొట్టించినవాళ్ళే తియ్యాలి," అన్నారు.

తీసింది. ఒక మధ్యాహ్నం అక్కయ్య సుత్తీ ఉలీ పట్టుకుని కారులో తలదూర్చి, కాళ్ళు బయటపెట్టుకుని, చెమటలు కక్కుతూ ఒక్కో మేకూ పెకలించింది. చెక్కని నీళ్ళపొయ్యిలో పెట్టేసింది. ఆ సాయంత్రం ఆయన గోడ మీద నుంచి నాతో అన్నారు: "రేపు నువ్వెక్కే బస్సే సూర్యం. నిడుమోలు దాటాక."

"పరీక్ష చూసుకోరా ముందు?"

"ఇంకెన్ని పరీక్షలయ్యా!"

నేను మర్నాడు బస్సులో కుడివైపు కిటికీ కోసం ఒకాయనతో దాదాపు తగాదా పడి కూర్చున్నాను. నిడుమోలు దాటింది. రోడ్డు తిన్నగా ఉంది, రెండు పక్కలా కోత కోసిన పొలాలు. వెనక నుంచి సన్నటి హారన్. తల బయట పెట్టి చూశాను. ఎర్ర ముక్కు కనబడింది. శోభనాద్రిగారు ఒక్కరే కాదు. పక్క సీట్లో సులోచనక్కయ్య, కొంగు తలచుట్టూ కట్టుకుని, కళ్ళు మూసుకుని, రెండు చేతులతో తలుపు గట్టిగా పట్టుకుని ఉంది. పెళ్ళినాడు పడ్డాక ఆవిడ మళ్ళీ ఆ కారెక్కడం అదే.

గతుకుల్లో బస్సు బాగా నెమ్మదించిన చోట వాళ్ళు పక్కకొచ్చారు. నా కిటికీ కిందికే వచ్చారు. అక్కడ ఆగిపోయారు. బస్సు ముందుకి వెళ్తోంది, కారు వెనక్కి పోతోంది. చెక్క తీసేశాక కూడా ఇదేంటి! ఇంకా ఏదో ఉందా? ఇంకా ఎన్ని ఆదివారాలు? బస్సులో ఎవరో, "అరే, ఊరేగింపు కారు! పెళ్ళికూతురు ముందు సీట్లో కూర్చుందిరోయ్!" అన్నారు. అందరూ కుడివైపుకి జరిగారు. మళ్ళీ అదే నవ్వు. నేను మాత్రం నవ్వలేదు. "తొక్కండి!" అని కిటికీలోంచి అరిచాను. శోభనాద్రిగారు పళ్ళు బిగించి ముందుకే చూస్తున్నారు, మెడ నరాలు పొంగాయి. కారు మళ్ళీ బస్సు వెనక చక్రం దాకా జారిపోయింది.

అక్కయ్య కళ్ళు తెరిచింది. ఆయన ముఖం చూసింది. తర్వాత వంగి ఆయన కాలి వైపు చూసింది. తలుపు పట్టుకున్న చేతులు రెండూ వదిలేసి, పక్కకి వాలి, ఆయన కుడి మోకాలి మీద వేసి బలం కొద్దీ కిందికి నొక్కింది.

షెడ్డులో విన్న ఆ అరుపు రోడ్డు మీద వినబడింది. కారు ఒక్క ఉదుటున ముందుకొచ్చింది. అక్కయ్య కొంగు ఊడి గాల్లో లేచింది. నా కిటికీ దాటారు, డ్రైవరు కిటికీ దాటారు, బస్సుని దాటేశారు. ఆవిడ అరుస్తోంది, భయంతోనో మరెందుకో తెలీదు కానీ మోకాలి మీద చెయ్యి మాత్రం తియ్యలేదు. బస్సులో నవ్వు ఆగి కేకలు మొదలయ్యాయి. నేను సీటు మీద నిలబడి గొంతు పోయేలా కేకేశాను. కండక్టరు నన్ను చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాడు.

బందరు బస్టాండు బయట, సోడా బండి పక్కన కారు ఆగి ఉంది. శోభనాద్రిగారు సీట్లోనే కూర్చుని ఉన్నారు. కుడికాలు అదురుతోంది, రెండు చేతులతో పట్టుకున్నా ఆగడం లేదు. నేను పరుగెత్తుకెళ్ళి, "దాటారు బావగారూ, దాటేశారు!" అన్నాను.

"నేను దాటలేదు సూర్యం," అన్నారు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "చెక్క లేదు. లేదని తెలుసు. అయినా కాలు అక్కడికొచ్చి ఆగిపోయింది. ఎంత తొక్కుదామన్నా కిందికి దిగలేదు. పాతికేళ్ళు ఆగిన చోటే ఆగిపోయింది. ఈవిడ నొక్కకపోతే ఇవాళ కూడా పాతికే."

సులోచనక్కయ్య సోడా తెచ్చి ఆయన చేతికిచ్చింది. ఆయన తాగేదాకా నిలబడి, గ్లాసు తీసుకుని, జుట్టు ముడేసుకుని వచ్చి పక్క సీట్లో కూర్చుంది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది.

"పదండి. వెళ్ళేటప్పుడు నేను చెయ్యి వెయ్యను," అంది. "మీరే తొక్కాలి."